ఫ్రెంచ్ సినిమాలతో పాఠం: ఏ వయసుకు ఏ సన్నివేశం, ఎన్ని నిమిషాలు?

కొత్తపలక
అందరికీ నమస్కారం. ఈ ఏడాది మూడు బ్యాచ్‌లకు ఫ్రెంచ్ సినిమాలు కలిపి పాఠం నడపాలి. 8–10 ఏళ్ళ వాళ్ళు ఫ్రెంచ్ మొదలుపెట్టి ఆరు నెలలైంది. 12–13 వాళ్ళకు ఏ2 (ఐరోపా భాషాస్థాయిల్లో రెండో మెట్టు; దాని పైది బీ1) పూర్తి కావస్తోంది. 15–17 బ్యాచ్‌లో సగం మంది బీ1, మిగతా సగం ఈ ఏడే మొదలుపెట్టారు. వారానికి ఒక 40 నిమిషాల పీరియడు సినిమాకు కేటాయించవచ్చు. ప్రొజెక్టరు, రెండు స్పీకర్లు ఉన్నాయి. ఏ సినిమాలు, ఎంతెంత ముక్కలు, సబ్‌టైటిళ్ళు పెట్టాలా వద్దా? "పిల్లలకు సరదాగా ఉంటుంది" అనే మాట కాదు, పీరియడులో నిమిషం నిమిషం ఏం చేయించాలో కావాలి.

పలుకుబడి
ముందు ఒక ముడి విప్పుకుందాం. వయసూ భాషా స్థాయీ ఒకటే అనుకుని సినిమా వెతికితే తప్పకుండా బెడిసికొడుతుంది. సినిమాను వయసునుబట్టి ఎంచండి, చేయించే పనిని స్థాయినిబట్టి ఎంచండి. పదహారేళ్ళ అబ్బాయికి ఫ్రెంచ్‌లో వంద మాటలే వచ్చు కదా అని పసిపిల్లల కార్టూన్ పెడితే మొదటి నిమిషంలోనే ముఖం తిప్పేసుకుంటాడు. తొమ్మిదేళ్ళ పాప ఫ్రెంచ్ బాగా మాట్లాడుతోంది కదా అని పెద్దల కథ పెడితే మాటలు అర్థమవుతాయి, కథ గుచ్చుకుంటుంది. మీ మూడో బ్యాచ్‌కు రెండు సినిమాలు అక్కర్లేదు. ఒకే సన్నివేశం, రెండు పనులు చాలు.

సన్నివేశం పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి ఒక నిమిషం సంభాషణ కాగితం మీద రాసి మాటలు లెక్కపెట్టండి. 80 లోపు ఉంటే మొదటి ఏడాది వాళ్ళకు పరవాలేదు. 120 దాటితే బీ1 రానివాళ్ళకు పెట్టకండి. తర్వాత మూడు చూడండి: ఒక్కసారికి ఒక్కరే మాట్లాడుతున్నారా, మాట్లాడేవాళ్ళ పెదాలు కనిపిస్తున్నాయా, మాటల కింద సంగీతం మోగుతోందా. ఈ మూడిట్లో రెండు తేడాగా ఉంటే సన్నివేశం ఎంత గొప్పదైనా వదిలేయండి.

ముక్క నిడివి మూడు నిమిషాలు మించొద్దు. 40 నిమిషాలను ఇలా పంచుకోవచ్చు:
6 నిమిషాలు – బోర్డు మీద ఎనిమిది మాటలు, అంతకుమించి వద్దు.
3 నిమిషాలు – శబ్దం తీసేసి బొమ్మ మాత్రమే.
5 నిమిషాలు – ఎవరు, ఎక్కడ, ఏం అడుగుతున్నట్టున్నారో పిల్లలు ఊహించి చెప్పడం.
3 నిమిషాలు – ప్రొజెక్టరు మూసి శబ్దం మాత్రమే.
4 నిమిషాలు – విన్న మాటలు జంటలుగా సరిచూసుకోవడం.
3 నిమిషాలు – బొమ్మ, శబ్దం, ఫ్రెంచ్ సబ్‌టైటిళ్ళు కలిపి.
12 నిమిషాలు – రాత పని లేదా నటన.
మిగిలిన 4 నిమిషాలు ఇద్దరు ముగ్గురివి చదివించడానికి.

శబ్దం లేకుండా చూసే మొదటి విడతను ఎవరూ దాటేయొద్దు. ఎవరు ఎవరితో దేని గురించి మాట్లాడుతున్నారో కంటికి ముందే తెలిసిపోతే, చెవికి మాటలు పట్టుకునే పని ఒక్కటే మిగులుతుంది.

చిన్నబడి
8–10 వాళ్ళకు నా ఓటు 'లె బలోన్ రూజ్'కే. 1956 నాటి ఆల్బెర్ లామొరీస్ సినిమా, 34 నిమిషాలు, మాటలు దాదాపు లేవు. "మాటల్లేని సినిమాతో భాష ఎలా నేర్పుతారు?" అని అడుగుతుంటారు. మాటలు లేవు కాబట్టే మాటలు మనవి, పిల్లలవి. ఎర్ర బుడగ దీపస్తంభానికి చిక్కుకుని ఉంటుంది, పిల్లాడు ఎక్కి విప్పుతాడు, బుడగ ఉందని బస్సులో ఎక్కనివ్వరు, పరుగు తీస్తాడు. ఈ కాస్తలోనే 'స్యూర్', 'సూ', 'దెరియేర్', 'దవాన్' (మీద, కింద, వెనక, ముందు) అన్నీ వచ్చేస్తాయి. ప్రతి 20 సెకన్లకు ఆపి "ఊ ఎ ల బలోన్?" (బుడగ ఎక్కడ?) అని ఒక్క ప్రశ్న. మొదటి రోజు "దెరియేర్" అంటే చాలు, మూడో వారానికి పూర్తి వాక్యం రావాలి.

34 నిమిషాలు పీరియడులో ఇమిడిపోతుంది కదా అని ఒకేసారి వేసేయకండి, చూడటమే అయిపోతుంది. నాలుగు వారాలకు నాలుగు ముక్కలు చేయండి. చివరి ముక్కలో ఊళ్ళోని బుడగలన్నీ వచ్చి పిల్లాణ్ణి ఎత్తుకుపోతాయి. దాన్ని ముందే చెప్పేయకుండా మూడో వారం చివర్లో "తర్వాత ఏమవుతుంది?" అని బొమ్మ గీయించి, కింద ఒక్క ఫ్రెంచ్ వాక్యం రాయించండి.

మాటలున్న సినిమా కావాలంటే 'కిరికూ ఎ లా సోర్సియేర్' (1998, మిషెల్ ఒస్లో). మొదటి రెండు నిమిషాలు పాఠం కోసమే రాసినట్టుంటాయి. కడుపులో ఉన్న బిడ్డ "మేర్, ఆంఫాంత్-మ్వా!" అంటాడు, నన్ను కను అని. కడుపులోంచే మాట్లాడేవాడు తనను తానే కంటాడని తల్లి జవాబు. పుట్టగానే "లావ్-మ్వా" అంటాడు, నాకు స్నానం చేయించమని. మళ్ళీ అదే తీరు జవాబు. క్రియ, దాని వెనక 'మ్వా' (నన్ను), ఆ తర్వాత అదే క్రియకు 'స' (తనను): వ్యాకరణం పేరు ఎత్తకుండానే వాక్యం అచ్చు పోసినట్టు చెవిలో కూర్చుంటుంది. పిల్లలు జంటలుగా నిలబడి ఒకరు 'మ్వా' వాక్యం, ఇంకొకరు 'స' వాక్యం అనాలి. కడుగు, దువ్వు, నిద్ర లేపు… ఆరు క్రియలు చాలు.

మేఘమాల
చిన్నబడి గారూ, కిరికూలో పసివాడు మొదటి నుంచి చివరిదాకా బట్టలు లేకుండా ఉంటాడు, ఊరి ఆడవాళ్ళకు పైన వస్త్రం ఉండదు. కథ పశ్చిమ ఆఫ్రికా పల్లెది, అందులో అసభ్యమేమీ లేదు. అయినా ముందు చెప్పకుండా పెడితే తరగతి అంతా కిచకిచలు, మర్నాడు తల్లిదండ్రుల ఫోన్లు. దీనికి ఏమిటి దారి?

చిన్నబడి
సరైన ప్రశ్న అడిగారు. ఆ పాత్రలకు బట్టలు తొడగమని విదేశీ పంపిణీదారులు అడిగినా దర్శకుడు ఒప్పుకోలేదు, కాబట్టి "కత్తిరించిన కాపీ" కోసం వెతకడం దండగ. చేయాల్సినవి రెండే. వారం ముందు తల్లిదండ్రులకు నాలుగు వాక్యాల చీటీ పంపండి: సినిమా పేరు, ఏడాది, పాత్రలు ఎలా కనిపిస్తాయి, పాఠంలో దేనికి వాడుతున్నాం. తర్వాత తరగతిలో సినిమా వేసే ముందే ఒక్క మాట: "ఈ ఊళ్ళో ఎండ ఎక్కువ, అక్కడి మనుషులు ఇలా ఉంటారు, మనం వాళ్ళ మాటలు వినబోతున్నాం." నవ్వు వచ్చినప్పుడు మాత్రం ఆపకండి. ఆపితే అందరి చూపూ అక్కడే అతుక్కుపోతుంది.

పై అధికారులు అస్సలు ఒప్పుకోకపోతే 'ఎర్నెస్త్ ఎ సెలెస్తీన్' (2012) ఉంది. చెత్తడబ్బాలో దొరికిన చిట్టెలుకను ఎలుగుబంటి తినబోతుంది, ఎలుక మాటలతోనే తప్పించుకుంటుంది. తినొద్దు, విను, ఇలా రా వంటి ఆజ్ఞార్థకాలకు ఆ సన్నివేశం బాగుంటుంది. మాట మాత్రం కిరికూ కంటే వేగం, అందుకని రెండో ఏడాదికి ఉంచుకుంటే మేలు.

రీలుపెట్టె
పరికరాల సంగతి చెప్తాను. మంచి పాఠాలు ఇక్కడే చెడిపోతాయి.

ఒకటి, నిమిషాల లెక్క. "48వ నిమిషంలో మొదలు" అని ఎవరి పాఠప్రణాళికలోనో చూసి అక్కడికి వెళితే వేరే సన్నివేశం ఉంటుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. ఐరోపా టీవీల పాల్ పద్ధతి డీవీడీలో 25 ఫ్రేములతో నడుస్తుంది, అంటే నాలుగు శాతం వేగం. 100 నిమిషాల సినిమా 96లో అయిపోతుంది, 50వ నిమిషంలో రావాల్సింది 48కే వచ్చేస్తుంది. అందుకని సన్నివేశాన్ని అందులో వినిపించే మొదటి మాటతో, చివరి మాటతో గుర్తు రాసుకోండి.

రెండు, సబ్‌టైటిళ్ళు జారిపోవడం. మొదటి నుంచీ ఒకే తేడాతో వస్తుంటే వీఎల్‌సీ ప్లేయరులో జీ, హెచ్ మీటలతో ముందుకూ వెనక్కూ జరపొచ్చు. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను దూరమైతే పైన చెప్పిన 24–25 గొడవే. అప్పుడు ఆ మీటలు పనిచేయవు. సమకాలీకరణ పెట్టెలో సబ్‌టైటిల్ వేగం మార్చాలి.

మూడు, యాక్సెంట్ గుర్తున్న ప్రతి అక్షరం బదులు రెండేసి పిచ్చి గుర్తులు కనబడటం. ఫైలు యూటీఎఫ్-8లో ఉంది, ప్లేయరు పాత విండోస్ ఎన్‌కోడింగ్ అనుకుంటోంది. సెట్టింగుల్లో సబ్‌టైటిళ్ళ ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8 చేసి ప్లేయరు మూసి తెరవండి.

నాలుగు, వేగం తగ్గించడం. 0.8 దాకా ఫరవాలేదు. ఇంకా తగ్గిస్తే అచ్చులు సాగిపోయి, రెండు మాటలు కలిసే చోట వచ్చే శబ్దం వేరే మాటలా వినిపిస్తుంది.

ఐదు, గది. ఖాళీ గోడల గదిలో ప్రతిధ్వని హల్లులను మింగేస్తుంది. స్పీకర్లు నేల మీద కాకుండా పిల్లల చెవుల ఎత్తులో, తెరకు రెండు పక్కలా పెట్టండి. బాస్ తగ్గించండి. వాల్యూమ్ పెంచడం దీనికి మందు కాదు.

ఇంకోటి, ఇంటి వాడకానికి తీసుకున్న ఆన్‌లైన్ ఖాతాతో తరగతిలో వేయొచ్చా అన్నది దేశాన్నిబట్టి, ఆ ఒప్పందాన్నిబట్టి మారుతుంది. పూర్తి సినిమా ప్రదర్శనకైతే ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ ఐఎఫ్ సినెమా ఉంది, వ్యాపారం కాని ప్రదర్శనలకు దాని ద్వారా హక్కులతో సహా సినిమాలు ఇస్తారు. చిన్న ముక్కలు, స్థాయివారీ అభ్యాసాలు కావాలంటే టీవీ5 మోంద్ వాళ్ళ ఫ్రెంచ్ నేర్చుకునే సైటు ఉచితమే.

మేఘమాల
సబ్‌టైటిళ్ళ విషయంలో పలుకుబడి గారితో నేను పూర్తిగా ఏకీభవించను. మూడోసారికి ఫ్రెంచ్ సబ్‌టైటిళ్ళు పెడితే పిల్లలు వినడం మానేసి చదవడం మొదలుపెడతారు. ముఖ్యంగా 12–13 వాళ్ళు.

పలుకుబడి
నిజమే, చదువుతారు. అయితే మూడోసారి వచ్చేసరికి వినాల్సింది విని ఉంటారు. ఇప్పుడు చదివించడమే పని. అచ్చులో ఉన్నదానికీ నోట్లోంచి వచ్చినదానికీ ఉన్న తేడా పట్టించాలి. నటుడు "షే పా" అంటాడు, కింద "జ న సే పా" (నాకు తెలీదు) అని పడుతుంది. "యా" అంటాడు, "ఇల్ యా" (ఉంది) అని ఉంటుంది. 'తు ఆ' (నీకు ఉంది) కాస్తా "తా" అవుతుంది. కాదు అనే అర్థమిచ్చే 'న' మాటల్లో ఎగిరిపోయి 'పా' ఒక్కటే మిగులుతుంది. పిల్లల చేతికి సబ్‌టైటిల్ పాఠం అచ్చు వేసి ఇచ్చి, వినబడని ప్రతి మాటనూ పెన్సిల్‌తో కొట్టేయమనండి. మూడు నిమిషాల ముక్కలో పది పన్నెండు కొట్టివేతలు పడతాయి. 'నాకు చెవి లేదు' అనుకున్న పిల్లలకు తప్పు తమది కాదని, ఆ మాట అసలు పలకనేలేదని అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడే ఇంకో గోతి ఉంది. వేరే భాష సినిమాను ఫ్రెంచ్‌లోకి డబ్ చేస్తే, డబ్బింగ్ మాటలు ఒకరు రాస్తారు, పెదాల కదలికకు తగ్గట్టు. సబ్‌టైటిళ్ళు వేరొకరు రాస్తారు, చదివే వేగానికి తగ్గట్టు. రెండూ కలవవు. అలాంటిదానితో ఖాళీలు పూరించే అభ్యాసం చేయిస్తే తరగతి గందరగోళమే. అసలు ఫ్రెంచ్‌లోనే తీసిన సినిమా ఎంచుకుని, చెవిటివారి కోసం చేసిన ఫ్రెంచ్ సబ్‌టైటిళ్ళు పెట్టండి. వాటికి రంగులుంటాయి: తెరమీద కనిపించేవాళ్ళ మాట తెలుపు, కనబడనివాళ్ళది పసుపు, శబ్దాలు ఎరుపు. పసుపు పడ్డప్పుడల్లా "కీ పార్ల్?" (ఎవరు మాట్లాడుతున్నారు?) అని అడిగితే చిన్నవాళ్ళకు కూడా మంచి ఆట.

ఇంటి భాషలో సబ్‌టైటిళ్ళు మాత్రం పూర్తి సినిమా చూపించే రోజుకే. ఫ్రెంచ్ మాటలను తెలుగు లిపిలో బోర్డు మీద రాయడం కూడా వద్దు. ఇక్కడ టైపు చేసుకోవడానికి సరే కానీ, ముక్కుతో పలికే మూడు రకాల అచ్చులకు మన దగ్గర ఒక్క సున్నానే ఉంది. పిల్లలు మూడింటినీ ఒకేలా పలకడం మొదలుపెడతారు, తర్వాత దిద్దడం కష్టం.

ఐదోబెంచి
12–13 వాళ్ళకు 'లె పెతి నికొలా' (2009) ఉండగా వేరేది వెతకడం ఎందుకు? మొదట్లోనే నికొలా గొంతు వెనక నుంచి ఒక్కొక్క స్నేహితుణ్ణీ పరిచయం చేస్తుంది. ఎప్పుడూ తింటూ ఉండే ఆల్సెస్త్, డబ్బున్న తండ్రి ఉన్న జోఫ్రువా, తరగతిలో మొదటివాడు ఆన్యాన్, చివరివాడు క్లొతేర్. ఏ2 చివర 'కీ' (ఎవరైతే, ఏదైతే) కలిపి రెండు వాక్యాలు ఒకటి చేయడం నేర్పుతారు కదా, దానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఒక్కో పిల్లాడికీ రెండు పొట్టి వాక్యాలు ముందే రాసి ఇవ్వండి: "ఇతను ఆల్సెస్త్. ఇతను ఎప్పుడూ తింటుంటాడు." ముక్క చూశాక 'కీ'తో కలపాలి. తర్వాత ఊహించిన ఒక స్నేహితుడి గురించి అదే అచ్చులో నాలుగు వాక్యాలు. పక్క బెంచీ వాడి మీద రాయనివ్వకండి. లావు, చదువులో వెనకబాటు లాంటివి సినిమాలో హాస్యంగా వస్తాయి, తరగతిలో మనసుకు గుచ్చుకుంటాయి.

కథ 1950ల బడిది, అందుకే పిల్లల భాష శుభ్రంగా ఉంటుంది, యాస బాధ లేదు.

రీలుపెట్టె
ఖాళీలు పూరించే కాగితం తయారు చేసేవాళ్ళకు ఒక మాట: ప్రతి పది మాటలకు ఒక ఖాళీ మించకూడదు. ఖాళీలో పెట్టే మాట నొక్కి పలికినదై ఉండాలి. 'ల', 'ద', 'న' లాంటివి ఖాళీ చేస్తే అవి నోట్లోనే కరిగిపోయి ఉంటాయి, పిల్లలు వినలేరు. ఆ మార్కు ఎవరికీ రాదు.

ఐదోబెంచి
15–17 మిశ్రమ బ్యాచ్‌కు నేనైతే 1895తో మొదలుపెడతాను. ల్యూమియేర్ సోదరుల 'లారోజర్ అరోజే', నిమిషం కూడా ఉండదు. తోటమాలి నీళ్ళు పడుతుంటాడు, కుర్రాడు గొట్టం మీద కాలేస్తాడు, నీళ్ళు ఆగిపోతాయి, తోటమాలి గొట్టంలోకి చూస్తాడు, కుర్రాడు కాలు తీస్తాడు. సినిమా చరిత్ర కాబట్టి పదహారేళ్ళవాళ్ళకు చిన్నతనంగా అనిపించదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు వర్తమానంలో ఆరు వాక్యాలు రాస్తారు: పడతాడు, తొక్కుతాడు, చూస్తాడు, తీస్తాడు… బీ1 వాళ్ళు అదే సంగతి పోలీసులకు ఫిర్యాదులా భూతకాలంలో. అక్కడే పాసె కొంపోజె, ఏంపర్ఫె తేడా బయటపడుతుంది: "ఆగిపోయాయి" మొదటిది, "నీళ్ళు పడుతుండగా" రెండోది. పేరులోనే తడిపేవాడు, తడిసినవాడు అనే రెండు మాటలూ ఉన్నాయి. ఆ రెండు మాటలే బోర్డు మీద పక్కపక్కన రాసి కర్త, కర్మ ఎవరో అడగండి. చివర్లో కుర్రాడికి దెబ్బలు పడతాయి, ఆ నాలుగు సెకన్లు వదిలేసినా నష్టం లేదు.

తర్వాత 'లే కొరిస్త్' (2004). 1949 నాటి బోర్డింగ్ బడి, అక్కడి ప్రిన్సిపాల్ సూత్రం "అక్సియోన్, రేయాక్సియోన్". తప్పు జరిగితే వెంటనే శిక్ష. 'సీ'తో షరతు వాక్యాలకు ఇదే దారి: విద్యార్థి ఇలా చేస్తే ప్రిన్సిపాల్ అలా చేస్తాడు. కొత్తవాళ్ళు వర్తమానంలో మూడు, బీ1 వాళ్ళు "నేనే ప్రిన్సిపాల్ అయి ఉంటే" అని కొందిసియొనెల్‌లో (ఊహించి చెప్పే క్రియారూపం) ఐదు. పాటలు అందరికీ నచ్చుతాయి కానీ ఉచ్చారణకు నమూనాగా పెట్టొద్దు. పాటలో మాట చివరి మూగ 'ఎ' కూడా వరుస కోసం పలుకుతారు. అది అలవాటైతే మాట్లాడేటప్పుడూ వచ్చేస్తుంది.

మేఘమాల
'ఆంత్ర్ లే ముర్' (2008) గురించి ఏమంటారు? కాన్ చిత్రోత్సవంలో మొదటి బహుమతి పామ్ దోర్ తెచ్చుకుంది, అంతా తరగతి గదే.

పలుకుబడి
పూర్తిగా వద్దు, ఒక్క ముక్క తీసుకోండి. రెండు గంటల ఎనిమిది నిమిషాల సినిమా, ఒకరి మాట మీద ఒకరు పడతారు, వెర్లాన్ (మాటల అక్షరాలు తిరగేసి పలికే కుర్రకారు భాష) బాగా ఉంటుంది. నేను మొదట చెప్పిన మూడు కొలతల్లో చాలా సన్నివేశాలు ఓడిపోతాయి. అయితే 'ఏంపర్ఫె ద్యు సుబ్జాంక్తిఫ్' (ఇప్పుడు మాటల్లో వాడని పుస్తకాల క్రియారూపం) గురించి పిల్లలు టీచరుతో వాదించే ముక్క ఒకటుంది. ఇలా ఎవరు మాట్లాడతారు, ఎందుకు నేర్చుకోవాలి అని. బీ1 పూర్తయినవాళ్ళకు వాదన నేర్పడానికి బంగారం. ఒక వైపు టీచరు వాదం, ఒక వైపు పిల్లల వాదం, రెండు నిలువు గళ్ళలో రాయించి, తర్వాత పక్షాలు మార్చి మాట్లాడించండి.

యాస పరిచయానికి 'బియాన్వెన్యూ షే లే ష్తీ' (2008) నుంచి సామాన్ల సన్నివేశం. ఉత్తరాది మనిషి 'స'ని 'ష'గా పలుకుతాడు. "లే సియాన్" (తనవి) అన్నది దక్షిణాది నుంచి వచ్చిన అధికారికి "లే షియాన్" (కుక్కలు) అని వినబడుతుంది. పాత అధికారి సామాను ఎందుకు తీసుకెళ్ళాడంటే తనవి కాబట్టి. ఈయన చెవికి మాత్రం అవి కుక్కలవి. ఒక్క హల్లు మారితే అర్థం ఎలా తలకిందులవుతుందో నియమం చెప్పకుండానే తెలుస్తుంది. కెనడాలోని కెబెక్ ఫ్రెంచ్ యాసకు 'మస్యూ లజార్' (2011) ఉంది. దాని గురించి కింద ఎవరైనా హెచ్చరిక రాస్తే బాగుంటుంది.

చిన్నబడి
రాస్తాను. 'మస్యూ లజార్' మొదట్లోనే టీచరు తరగతి గదిలో ఆత్మహత్య చేసుకుని ఉండటం ఒక పిల్లాడు చూస్తాడు. 'మా వీ ద కూర్జెత్' (2016) బొమ్మల సినిమా, గంటా ఆరు నిమిషాలే, చిన్నవాళ్ళదని పొరపాటు పడతారు. మొదటి నిమిషాల్లోనే తల్లి చనిపోతుంది, పిల్లలంతా అనాథాశ్రమంలో చెప్పుకునే కారణాలు బరువైనవి. 13 కింద వద్దని నా అభిప్రాయం. ఫ్రాన్స్‌లో ఇచ్చే వయసు ముద్ర అందరికీ, 12, 16, 18 అని ఉంటుంది. "అందరికీ" అంటే నిషేధం లేదని మాత్రమే, చిన్నపిల్లల కోసం తీశారని కాదు. ట్రైలరు చూసి తేల్చకండి. మొదటి ఇరవై నిమిషాలు, చివరి ఇరవై నిమిషాలు ఒంటరిగా చూడండి. మీ తరగతిలో ఈమధ్యే ఎవరింట్లోనైనా మరణం జరిగి ఉంటే ఆ సినిమా ఆ ఏడు పక్కన పెట్టండి.

కొత్తపలక
అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇలా అనుకుంటున్నాను. చిన్నవాళ్ళకు బుడగ నాలుగు వారాలు, చీటీ పంపాక కిరికూ మొదటి రెండు నిమిషాలు రెండు పీరియడ్లు. మధ్యవాళ్ళకు నికొలా మూడు ముక్కలు, ప్రతిదానికీ కొట్టివేతల కాగితం. పెద్దవాళ్ళకు తోటమాలి, కొరిస్త్, ఆఖర్న లూయీ మాల్ 'ఓ రెవ్వార్ లేజాంఫాన్' (1987) చివరి సన్నివేశం ఒక పీరియడు. ఇందులో ఏమైనా తప్పు ఉందా?

పలుకుబడి
మొదటి రెండూ సరిపోయాయి. మూడోదాంట్లో ఒక మార్పు. ఆ చివరి సన్నివేశాన్ని విడిగా చూపించకండి. 1944 జనవరి, జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్, బడిలో మారుపేరుతో దాక్కున్న యూదు పిల్లవాడు: ఇవి తెలియకపోతే ఆ మూడు నిమిషాల్లో పిల్లలకు కనిపించేది బారులు తీరిన బడిపిల్లలే. ఒక పీరియడు చరిత్రకు, రెండు పీరియడ్లు ఇద్దరు అబ్బాయిలూ స్నేహితులయ్యే ముక్కలకు, నాలుగోది దీనికి.

ఈ సన్నివేశంలో భాష పని చాలా చిన్నది. సైనికులు తీసుకుపోతుండగా ఆ బడి నడిపే ఫాదర్ వెనక్కి తిరిగి పిల్లలతో రెండే ముక్కలు అంటాడు: "ఓ రెవ్వార్, లేజాంఫాన్ (వెళ్ళొస్తాను, పిల్లలూ). ఆ బియాంతో." రెండూ మీ కొత్తవాళ్ళు మొదటి వారంలో నేర్చుకున్నవే. వాళ్ళను అడగాల్సింది ఒకటే: "ఆ బియాంతో" అంటే త్వరలో కలుద్దాం, మరి ఆ మాట ఇప్పుడు ఎందుకు అన్నాడు, 'అద్యూ' (ఇక సెలవు) అని ఎందుకు అనలేదు? జవాబు ఏ భాషలో చెప్పినా ఒప్పుకోండి. బీ1 వాళ్ళు ఫ్రెంచ్‌లో ఎనిమిది వాక్యాలు రాస్తారు.

ముక్కను పీరియడు 20వ నిమిషానికల్లా పూర్తి చేయండి. చివర్లో పెట్టి గంట మోగేసరికి అయిపోయేలా చూడకండి. తెర ఆగాక కనీసం ఒక నిమిషం ఏమీ అడగకుండా ఉండండి, లైట్లు వెంటనే వేయకండి.